గోదారి వరదలో కోనసీమ ప్రయాణం: వెళ్ళాలా, ఆగాలా?

దూరపు_చుట్టం:
శ్రావణంలో మా పిన్ని కూతురి పెళ్లి, రాజోలు దగ్గర. మర్నాడు సత్యనారాయణ వ్రతం అబ్బాయి వాళ్ళింట్లో. వాళ్ళది లంక ఊరు, అంటే ఏటి మధ్యలో ఉండే ఊరు. భద్రాచలం దగ్గర గోదారి నీటిమట్టం 45 అడుగులు దాటింది, మొదటి హెచ్చరిక ఇచ్చారని టీవీలో చెప్తున్నారు. ఫోన్ చేస్తే అక్కడ చినుకు కూడా లేదు, ఎండ కాస్తోందన్నారు. మా ఆవిడకి టెన్షన్. మా అమ్మేమో "మేం వరదల్లోనే పుట్టి పెరిగాం, పదరా" అంటోంది. హైదరాబాద్ నుంచి కారులో, ఇద్దరు పిల్లలతో. వెళ్ళమంటారా?

ఏటిగట్టు:
శుభ్రంగా వెళ్ళండి. టీవీ వాళ్ళు మునిగిన కాజ్‌వే ఒకటి పట్టుకుని పొద్దున్నుంచి అదే తిప్పుతారు. దూరంగా ఉన్నవాళ్ళు కోనసీమంతా ములిగిపోయిందనుకుంటారు. రావులపాలెం వంతెన మీద, సిద్ధాంతం వంతెన మీద, చించినాడ మీద బళ్ళు తిరుగుతూనే ఉంటాయి. 1986 వరదలో గండ్లు పడ్డాక గట్లు ఎత్తు పెంచారు. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి 25 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీరు) దాటి వదిలినా మా ఊళ్ళోకి చుక్క రాలేదు. ఇలా భయపడి అందరూ మానేస్తే ఇక్కడి హోటళ్ళు, ఆటోలవాళ్ళు ఏమైపోవాలి?

లంక_ఆడపడుచు:
ఏటిగట్టు గారూ, మీ ఊళ్ళోకి రాలేదంటే ఆ గట్టు మీకు కాపు కాసింది కాబట్టి. మేం ఉండేది గట్టుకీ ఏటికీ మధ్యన. మీరు చెప్పిన ఆ 2022లోనే మా వీధి అరుగుల మీదుగా నీళ్ళు పారాయి. కరెంటు తీసేశారు, గేదెల్ని గట్టు మీద కట్టేసుకున్నాం. పడవలేమో నాలుగే. వాటి మీదే మంచినీళ్ళు రావాలి, నిండు చూలాలు ఆసుపత్రికి వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి కొందరు వరద చూస్తామని వచ్చి పడవెక్కి ఫొటోలు దిగారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీది పెళ్లిపని, అలాంటిది కాదనుకోండి. అయినా పడవకి మీ బరువూ బరువే కదా.

ఎండ చూసి మోసపోకండి. మాకు వరద తెచ్చేది ఇక్కడి వాన కాదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగితే మా ఏరు ఎర్రబారుతుంది. భద్రాచలంలో చూసిన నీరు ఇంచుమించు ఒక రోజుకి ధవళేశ్వరం దిగుతుంది. అప్పటికీ మా నెత్తిన ఎండే ఉంటుంది.

బండి_తోలేవాడు:
ఇరవై ఏళ్ళుగా ఆ రూట్లో కారు తోలుతున్నా. అన్నా, మ్యాప్‌ని నమ్మొద్దు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి రేవు మీదుగా దగ్గర దారి చూపిస్తుంది. వరద పెరిగితే పంటు (బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు, కోటిపల్లి రేవులోనూ అంతే. పాలకొల్లు, చించినాడ, దిండి మీదుగా చుట్టూ తిరిగి రావడమే. రాత్రిపూట గట్టు రోడ్డు ఎక్కొద్దు. కాజ్‌వే మీద పాదం మునిగే నీళ్ళే ఉన్నా ఆగిపోండి, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైకి కనపడదు.

దూరపు_చుట్టం:
మరి 45 అడుగులంటే ఎక్కువా తక్కువా?

ఏటిగట్టు:
భద్రాచలంలో 43, 48, 53 అడుగులు వరసగా మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. ఆ మొదటిది పది లక్షల క్యూసెక్కుల లెక్క. 86 ఆగస్టులో భద్రాచలం 75 అడుగులు దాటింది. దానితో పోలిస్తే ఇదెంత?

లంక_ఆడపడుచు:
2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజున ఏట్లో ఉన్నది ఐదు లక్షల పైచిలుకు. మీరు చెప్పే మొదటి హెచ్చరికలో సగం! రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి ఆ అంకెలు పనికొస్తాయేమో. పడవెక్కేవాళ్ళు వాటిని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పైగా అమావాస్యకో పున్నానికో సముద్రం పోటు మీదుంటే వరద నీరు త్వరగా లాగదు. మీ వ్రతం తిథి చూసుకున్నారా?

ఏటిగట్టు:
సరేనండీ, పడవ మాట ఒప్పుకున్నాను. ప్రయాణమే మానుకోమంటే మాత్రం ఒప్పుకోను. 2022లో వరద ఆషాఢంలో వచ్చింది కాబట్టి పెళ్లిళ్ల గొడవ లేకపోయింది. 86లో వచ్చింది శ్రావణంలోనే. అంతమాత్రాన మావాళ్ళు ఏటా శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకోవడం మానేశారా?

దూరపు_చుట్టం:
అబ్బాయి వాళ్ళ నాన్నగారితో ఇప్పుడే మాట్లాడాను. నేను అడగకముందే ఆయనే చెప్పారు. వ్రతం రాజోల్లో వాళ్ళ అన్నగారింట్లో పెట్టుకుంటారట. సామాను ముందురోజే పడవ మీద ఇవతలికి చేర్చేస్తారట. మేం పగటిపూట బయల్దేరి చించినాడ మీదుగా వస్తాం. అమ్మకి మాత్రం కోపం వచ్చింది, లంక చూసి ముప్ఫై ఏళ్ళయిందట.

లంక_ఆడపడుచు:
సంక్రాంతికి తీసుకురండి అమ్మగారిని. అప్పటికి ఇసక తేలుతుంది, మా రేవు నుంచి నడిచే రావచ్చు.