రింగ్‌డౌన్‌కు తెలుగు మాట: "అనురణనం" గురించి

బెంగళూరులో మన తెలుగు పిల్లల కోసం కృష్ణబిలాలపై సిద్ధమవుతున్న ప్రసంగంలో "రింగ్‌డౌన్"కు ఏ మాట వాడాలని ఒక సభ్యురాలు అడిగారు. వచ్చిన సూచనల్లో "ప్రతిధ్వని", "సద్దుమణుగు" అన్నవాటికి ఎక్కువ మద్దతు కనిపించింది. నేను మాత్రం "అనురణనం" అన్న పాత మాట వైపే ఉన్నాను.

ముందుగా అక్కడ జరిగేదేమిటో చూద్దాం. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ మరొకటి తిరుగుతూ దగ్గరై కలిసిపోయినప్పుడు, కొత్తగా ఏర్పడిన బిలం మొదట వంకరటింకరగా ఉండి, గురుత్వ తరంగాలను (స్థలకాలంలో పుట్టే అలలను) వెదజల్లుతూ, కంపిస్తూ కుదుటపడుతుంది. ఈ చివరి దశే రింగ్‌డౌన్. 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగాలను గుర్తించే లైగో పరిశోధనశాల తొలిసారి పట్టుకున్న సంకేతంలో సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి గల బిలాలు కలిసి 62 రెట్ల బిలంగా మారాయి. దాని చివరి కంపనం సెకనుకు దాదాపు 250 సార్లు ఊగుతూ, 4 మిల్లీసెకన్లలోనే ఇంచుమించు మూడో వంతుకు పడిపోయింది.

ఈ సంగతిని లెక్కల్లో ఎంతో ముందే చూపినవారు మన ఊరికి బాగా తెలిసినవారే. తరువాతి కాలంలో ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియానికి వ్యవస్థాపక సంచాలకులైన సి.వి. విశ్వేశ్వర, 1970లో ఒక కృష్ణబిలం మీదికి గురుత్వ తరంగ పుంజాన్ని పంపితే ఏమవుతుందో గణించి చూశారు. పుంజం బాగా వెడల్పుగా ఉన్నంతసేపూ చెప్పుకోదగ్గ విశేషం లేదు. బిలం పరిమాణంతో పోలిస్తే దానిని సన్నగా చేసినప్పుడు, చెదిరి వచ్చిన తరంగం తోకలో క్రమంగా క్షీణించే కంపనం బయటపడింది. ఆ కంపనంలో పంపిన పుంజం పోలికలు లేవు, బిలం పోలికలే ఉన్నాయి. లైగో సంకేతాన్ని 2016 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు, తన లెక్క నిజమైందని లోకం వినడం ఆయన చూశారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఇక మాట సంగతి. "సద్దుమణుగు" వినసొంపైన తెలుగే, కాదనను. కానీ అందులో అణగడం ఉంది గాని మోగడం లేదు. బిలం ద్రవ్యరాశినీ భ్రమణాన్నీ మనకు చెప్పేది ఆ మోతలోని పౌనఃపున్యమూ, అది తగ్గే వేగమూ కలిసి. "ప్రతిధ్వని" అయితే పొరపాటుకే దారి తీస్తుంది, ఎందుకంటే ఘటనా దిగంతం (దాటితే కాంతి కూడా తిరిగిరాలేని బిలం హద్దు) ఉండవలసిన చోట మరేదైనా ఉంటే, రింగ్‌డౌన్ ముగిశాక తరంగం మళ్లీ మళ్లీ తిరిగిరావచ్చునని కొందరు పరిశోధకులు వెతుకుతున్నారు. వారు వెతికేది అక్షరాలా ప్రతిధ్వనినే. ఇప్పటివరకు అందరూ ఒప్పుకున్న ఆధారం దొరకలేదు గాని, ఆ మాటను దానికే అట్టిపెట్టాలి.

అనురణనం అంటే గంట కొట్టాక మిగిలి, సన్నగిల్లుతూ సాగే మోత. కావ్యశాస్త్రంలోని ధ్వని సిద్ధాంతం చదివినవారికి ఇది కొత్త కాదు. వాచ్యార్థం తెలిశాక వ్యంగ్యార్థం స్ఫురించే తీరును ఆలంకారికులు ఈ పోలికతోనే చెప్పారు. మోగడం, కొనసాగడం, క్షీణించడం మూడూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి.

ఒక సభ్యుడి ప్రశ్న: భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో "అనునాదం" (రెజొనెన్స్) ఎప్పటినుంచో ఉంది కదండీ, పిల్లలు రెండింటినీ కలిపేసుకోరా?

జవాబు: మీ సందేహం న్యాయమైనదేనండీ, రెండు మాటలూ చెవికి దగ్గరగానే ఉన్నాయి. అయితే అనునాదానికి బయటినుంచి తగిన పౌనఃపున్యంతో పనిచేసే బలం కావాలి. విలీనం అయిపోయాక బిలాన్ని ఊపేవారు ఎవరూ ఉండరు. అది తన సహజ కంపనంతోనే అణగిపోతుంది. ఈ తేడాను ప్రసంగంలో ఒక వాక్యంలో చెప్పేయవచ్చు.

అన్నట్టు, 2025 జనవరి 14న లైగోకు అందిన సంకేతం మునుపటివాటికంటే ఎంతో స్పష్టమైనది కావడంతో, అనురణనంలో మూల కంపనంతోపాటు మొదటి అతిస్వరాన్ని (మూల కంపనంతో కలిసి మోగే మరో కంపనాన్ని, ఓవర్‌టోన్‌ను) కూడా గుర్తించగలిగారు. విలీనానికి ముందు రెండు బిలాల ఉపరితల వైశాల్యం కలిపి దాదాపు 2,40,000 చదరపు కిలోమీటర్లు కాగా, తరువాత అది దాదాపు 4,00,000కు పెరిగింది. మొత్తం వైశాల్యం తగ్గదని హాకింగ్ 1971లో చెప్పిన సిద్ధాంతానికి ఇది గట్టి పరీక్ష. ఆ రెండో అంకెను ఇచ్చింది అనురణనమే కనుక, ప్రసంగంలో ఈ మాటను ఆ ఉదాహరణ దగ్గరే మొదటిసారి పరిచయం చేయమని నా సూచన.