144 హెర్ట్జ్ మానిటర్, కానీ 60 దాటట్లేదు

ప్రశ్న: అన్నా, 2560×1440, 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా, పాత ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐతో పెట్టా, సెట్టింగ్స్‌లో 60 ఒక్కటే కనిపిస్తోంది, కస్టమ్‌లో 144 యాడ్ చేస్తే స్క్రీన్ నల్లగా అయిపోయి మళ్ళీ పాతదే వస్తోంది. మానిటర్‌లోనే ప్రాబ్లమా?

జవాబు: మానిటర్ బానే ఉండుంటుంది, కంగారు పడకు. నీ పోర్ట్ హెచ్‌డీఎంఐ 1.4 అయ్యుంటుంది, దాని పిక్సెల్ క్లాక్ (అంటే సెకనుకి పిక్సెల్స్ పంపే స్పీడ్) 340 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోద్ది, 1440పీలో 144 (సెకనుకి 144 సార్లు స్క్రీన్ మారడం) రావాలంటే బ్లాంకింగ్ (లైన్లకీ ఫ్రేములకీ మధ్య వదిలే ఖాళీ టైమ్) తగ్గించినా 550 మెగాహెర్ట్జ్ పైనే కావాలి, కస్టమ్‌లో ఎంత రాసినా ఆ పోర్ట్ తట్టుకోలేదు. ల్యాప్‌టాప్‌కి డిస్‌ప్లేపోర్ట్ 1.2 (ఇంకో రకం వీడియో పోర్ట్, దీనికి 144 తట్టుకునే స్పీడ్ ఉంటుంది) ఉందేమో చూడు. లేకపోతే కస్టమ్‌లో రెడ్యూస్డ్ బ్లాంకింగ్ పెట్టి 75 హెర్ట్జ్ ట్రై చెయ్, పిక్సెల్ క్లాక్ 300 చిల్లరే అవుద్ది.

ఇంకో జవాబు: విండోస్‌లో నల్లగా అయితే ఏమీ నొక్కకు బ్రో, 15 సెకన్లలో అదే వెనక్కొస్తుంది.

అడిగినవాళ్ళు: మినీ డిస్‌ప్లేపోర్ట్ ఉంది అన్నా, కేబుల్ మార్చి సెట్టింగ్స్‌లో చూస్తే 144 ఉంది, స్క్రోలింగ్ ఎంత స్మూత్‌గా ఉందో, చాలా థాంక్స్!