కొత్త పన్ను విధానంలో బీమాకు విడిగా మినహాయింపు ఇవ్వాలా?

మార్చి_బాధితుడు:
బడ్జెట్ వస్తోందంటే చాలు, బీమా కంపెనీలు ఆర్థిక శాఖకు అదే అర్జీ పట్టుకెళ్తాయి. ప్రీమియాన్ని 80సీలో (పీఎఫ్ లాంటి పొదుపులన్నిటికీ కలిపి ఒకే పరిమితితో పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కలపకుండా విడిగా మినహాయించండి, ఇలాంటి మినహాయింపులు దాదాపు లేని కొత్త విధానంలోనూ ఇవ్వండి అని. ఇవ్వకూడదంటాను. ఇన్నేళ్లూ మనం కొన్నది బీమా కాదు, పన్ను తగ్గించుకోడానికి మార్చిలో ఆఫీసులో చూపించే రసీదు. నేనూ ఒక మార్చిలో ఏడాదికి 50 వేల ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిసిన పాలసీ) తీసుకున్నా. కవరేజీ 5 లక్షలు. రేపు నాకేమన్నా అయితే ఇంటి అప్పులో పావు వంతు తీరదు.

గోదారి_ఏజెంట్:
తమ్ముడూ, ఆ మార్చి హడావుడే లేకపోతే నీ 50 వేలు ఏ బండి డౌన్ పేమెంటుకో పోయేవి. ఇరవై ఏళ్లుగా పాలసీలు కట్టిస్తున్నా, తనంతట తాను వచ్చి అడిగినోడు లేడు. 2023 నుంచి మనం వేరేది ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది, 2025 బడ్జెట్లో అందులో 12 లక్షల దాకా పన్నే లేదన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే "ఇంకెందుకన్నా పాలసీ" అంటున్నారు.

మార్చి_బాధితుడు:
పన్ను ఆశ చూపిస్తే తప్ప అమ్ముడుపోని సరుకైతే తప్పు కొనేవాడిదా అన్నా?

లెక్కల_టీచర్:
టర్మునీ (మనిషి పోతేనే డబ్బిచ్చే, పొదుపు లేని పాలసీ) ఎండోమెంటునీ ఒకే గాటన కట్టేస్తున్నారు మీరిద్దరూ. 2012 ఏప్రిల్ నుంచి తీసుకున్న పాలసీల్లో ప్రీమియానికి పది రెట్లు కవరేజీ ఉంటే చాలు, పూర్తి మినహాయింపు. 50 వేలకి 5 లక్షలు, సరిగ్గా గీత మీద! ఆ పదిని వంద చేయమని కంపెనీలు ఎందుకు అడగవు? 2023 బడ్జెట్లో ఏడాదికి 5 లక్షల ప్రీమియం దాటిన కొత్త పాలసీల మెచ్యూరిటీ డబ్బు మీద పన్ను వేస్తే బీమా షేర్లు ఆ రోజే ఢామ్మన్నాయి. మనిషి పోయాక వచ్చే క్లెయిమ్ జోలికి ఎవరూ పోలేదు, అది అప్పటిలాగే పన్ను లేనిదే. మరి గగ్గోలు ఎవరి కోసం? ఏటా 5 లక్షలు కట్టేది మా స్కూల్ అటెండరా?

గోదారి_ఏజెంట్:
అడిగేది కంపెనీలొక్కటేనా మేడం? ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేయమని 2024లో కేంద్ర మంత్రి గడ్కరీ గారు ఆర్థిక మంత్రికి రాసిన లేఖ నాగపూర్ ఎల్ఐసీ ఉద్యోగుల సంఘం అర్జీ మీదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు సున్నా చేశారు. మేమూ సంబరపడ్డాం. తీరా చూస్తే ఇన్‌పుట్ క్రెడిట్ (తమ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు) పోయిందని కొన్ని కంపెనీలు మా కమీషన్లో కోత పెట్టాయి.

మార్చి_బాధితుడు:
ఒక్క టర్ముకే ఇస్తామంటే నాకూ అభ్యంతరం లేదు. అన్నట్టు అన్నా, నా ఎండోమెంట్ ఇంకా తొమ్మిదేళ్లుంది. మధ్యలోనే ఆపేసి సరెండర్ చేస్తే ఎంతొస్తుంది?

గోదారి_ఏజెంట్:
అమ్మినోణ్ని అడుగు ముందు. ఫోనెత్తకపోతే నాకు చెయ్యి. పాలసీ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకు.