అప్‌డేట్: హిమానీనద ఒండ్రులో యురేనియం నిష్పత్తి 1 దాటడానికి కారణం తెలిసింది

హిమానీనదం నూరిన సన్నటి ఒండ్రులో యురేనియం-234, 238 అనే ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల రూపాల) క్రియాశీలతా నిష్పత్తి, అంటే వాటి రేడియోధార్మిక క్షయ వేగాల నిష్పత్తి, 1 కన్నా తక్కువ ఉండవలసింది పోయి ఎక్కువగా ఎందుకు వస్తోందని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రేణువులపై పూతను అనుమానించమన్న సూచనే సరైనదని తేలింది. యురేనియం-238 ఆల్ఫా కణాన్ని వెలువరించే ఆల్ఫా క్షయంలో ఏర్పడి, తర్వాత యురేనియం-234గా మారే థోరియం-234 కేంద్రకం ఆ వెనుదన్నుకు ఖనిజంలో సుమారు 30 నానోమీటర్లు జరుగుతుంది గనుక, సన్నటి రేణువుల అంచుల నుంచి కొంత బయటపడి లోపల యురేనియం-234కు లోటు ఏర్పడుతుంది. అయితే నీటి నుంచి అదే ఐసోటోపును అదనంగా పట్టుకున్న కార్బొనేట్లు, ఇనుప ఆక్సైడ్లు, సేంద్రియ పదార్థం ఆ లోటును కప్పేస్తాయి. ఒక నిపుణురాలు వీటిని ఆమ్లం వంటి రసాయనాలతో దశలవారీగా కరిగించి తీసేయగా, గోధుమరంగు పోయి బూడిదరంగు తేలిన ఒండ్రులో నిష్పత్తి 1 కిందికి దిగింది. ఆమ్లం మరీ గాఢమైతే ఖనిజమే కరుగుతుంది, ఇది ముఖ్యం. ఐసోటోపులను కొలిచే పరికరమైన మాస్ స్పెక్ట్రోమీటర్ ప్రమాణీకరణకు దీనితో సంబంధం లేదు.