చింతపిక్కలతో చేపల వేట: ఒక్క పీరియడ్‌లో అవుతుందా?

ప్రశ్న (సోషల్ టీచర్, కళింగపట్నం దగ్గరి హైస్కూల్):
తొమ్మిదో తరగతికి ఉమ్మడి వనరుల గురించి చెప్పాలి. ఊరికే చెప్తే బట్టీ కొడుతున్నారు తప్ప బుర్రకెక్కడం లేదు. ఆటలా ఆడించాలని ఉంది. నలభై మంది పిల్లలు, 45 నిమిషాలు. గోల అయిపోతుందేమోనని టెన్షన్. ఎవరైనా చేశారా?

జవాబు (రిటైర్డ్ మేష్టారు, బొబ్బిలి):
చింతపిక్కలు చాలమ్మా. అయిదుగురేసి కూర్చోబెట్టి, గుంపుకో పళ్లెంలో 40 పిక్కలు పొయ్యండి. అదే సముద్రం. విడతకి ఎన్ని పడతారో, సున్నా నుంచి ఆరు దాకా, పక్కవాడికి చూపించకుండా చీటీ మీద రాయాలి. అందరూ తీసుకున్నాక ఎన్ని మిగిలితే అన్ని మళ్లీ కలపండి, 40 మాత్రం దాటకూడదు. తలా నాలుగు పడితే 20 మిగిలి మళ్లీ 40 అవుతాయి, ఎన్ని విడతలైనా ఆడొచ్చు. తలా ఆరు లాగితే మిగిలిన 10 కాస్తా 20 అవుతాయి, రెండో విడతకే పళ్లెం ఖాళీ. ఈ లెక్క ముందే చెప్పేస్తే ఇంక ఆటెందుకు?

మొదటి ఆట మాటల్లేకుండా, రెండోది మాట్లాడుకుని, రూలు పెట్టుకుని. ఉమ్మడి సొత్తు చివరికి పాడవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదించాడు. జనమే కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రమ్ చూపించింది, 2009లో ఆవిడకి అర్థశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. పిల్లలకి ఈ పేర్లు అక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

అసలు పని ఆట అయ్యాకే ఉంది. ఆటలు రెండూ కలిపి 20 నిమిషాల్లో ఆపేయండి. "ఆరెందుకు రాశావురా?" అంటే "ఆడు రాసేస్తాడని సార్" అంటాడు. ఆ మాట అలాగే బోర్డు మీద రాసి, దాని మీదే మాట్లాడించండి. అనుభవం, దాని మీద ఆలోచన, అందులోంచి ఒక సూత్రం, మళ్లీ ప్రయోగం అని బీఈడీలో చదివిన, విద్యావేత్త కోల్బ్ చెప్పిన నాలుగు మెట్లు ఇవే. మనవాళ్లు చాలామంది మొదటి మెట్టు ఎక్కి ఫొటో తీసుకుని దిగిపోతారు.

జవాబు (టీచర్, భోగాపురం):
ఒక్క జాగ్రత్త మేడమ్. మత్స్యకారుల పిల్లలుంటారు కదా, "మీవాళ్ల అత్యాశ వల్లే" అనే వైపు చర్చ పోనివ్వకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం అంటే ఏమిటో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. మోటారు లేని తెప్పలకి అది ఎందుకు వర్తించదో వాళ్లనే చెప్పమనండి. చేపల వేటకి గుజరాత్‌లోని వీరావల్ వలసెళ్లిన నాన్నల మాట దానంతటదే వస్తే వినండి, మీరు కదపొద్దు.

ప్రశ్న (సోషల్ టీచర్):
థాంక్సండీ. ఎక్కువ పట్టినవాళ్లకి బహుమతి పెట్టనా?

జవాబు (రిటైర్డ్ మేష్టారు, బొబ్బిలి):
వద్దమ్మా. ఆరెందుకని అడిగితే "పెన్ను కోసం" అంటారు, ఇంక చర్చేముంటుంది? ఇంకోటి, పిక్కలు లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. లేదంటే తర్వాతి పీరియడ్‌లో లెక్కల మేష్టారి మీదకి ఎగురుతాయి.