1,500 డాలర్లలో మొదటి రోడ్ బైక్: బే ఏరియాకి కొత్తగా వచ్చాను, ఏది కొనాలి?

సన్నీవేల్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చాను. ఇల్లు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, ఆఫీసు మౌంటెన్ వ్యూలో. కారు ఇప్పుడే కొనే ఆలోచన లేదు. అక్కడ ఉన్నప్పుడు శని, ఆదివారాల్లో ఓఆర్ఆర్ పక్కన ఉన్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద హైబ్రిడ్ సైకిల్ తొక్కేవాణ్ణి. కొండలు ఎక్కిన అలవాటు లేదు. ఇక్కడ ఆఫీసుకీ, వారాంతాల్లో దూరం వెళ్ళడానికీ ఒకటే రోడ్ బైక్ తీసుకుందామని ఉంది.

బడ్జెట్ 1,500 డాలర్లు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఆఫీసులో ఒకాయన షిమానో 105 గేర్లు లేని సైకిల్ కొనడం దండగ అంటున్నాడు. ఇంకొకాయన కార్బన్ ఫ్రేమ్ అయితేనే కొను అంటున్నాడు. ఇద్దరి మాటా వింటే బడ్జెట్ రెట్టింపు అయ్యేలా ఉంది. కాస్త దారి చూపించండి.

ఫ్రీమాంట్ నుంచి:

తమ్ముడూ, స్వాగతం. ముందు ఒకటి తేల్చుకో. ఆ 1,500 సైకిల్ ఒక్కదానికేనా, అన్నీ కలిపా? అన్నీ కలిపి అయితే సైకిల్ ధర 1,100, మహా అయితే 1,200 దగ్గర ఆగాలి. ఇక్కడ ట్యాగ్ మీద కనిపించే ధరలో సేల్స్ ట్యాక్స్ ఉండదు. మీ శాంటా క్లారా కౌంటీలో అది 9 శాతం పైనే, అంటే 1,200 సైకిల్ బిల్లు కట్టేటప్పటికి 1,300 దాటుతుంది. ఆ తర్వాత హెల్మెట్, తాళం, ముందూ వెనకా లైట్లు, ఫ్లోర్ పంపు, స్పేర్ ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు. కొన్ని రోడ్ బైక్‌లకి పెడల్స్ కూడా రావు. షాపువాడు మర్యాదగా నవ్వి ఏ పెడల్స్ కావాలి అని అడుగుతాడు, అప్పుడు తెలుస్తుంది అవి వేరే కొనాలని.

ఆ ధరలో కొత్తవి కావాలంటే చూడాల్సినవి స్పెషలైజ్డ్ ఆలే, ట్రెక్ డొమానే ఏఎల్ 2, జయంట్ కంటెండ్. స్పెషలైజ్డ్ ఇక్కడి కంపెనీయే, మోర్గన్ హిల్‌లో ఉంది. ఇవన్నీ అల్యూమినియం ఫ్రేమ్‌వి. టారిఫ్‌ల గొడవతో ధరలు అటూ ఇటూ అవుతున్నాయి కాబట్టి పాత పోస్టుల్లో చూసిన అంకెలు నమ్మొద్దు, ఈ వారం ధర చూసుకో.

ఇక 105 సంగతి. షిమానో వాళ్ళ రోడ్ గేర్లలో కింది నుంచి వరసగా క్లారిస్, సోరా, టియాగ్రా, 105, దాని పైన అల్టెగ్రా, డ్యూరా ఏస్. క్లారిస్‌కి వెనకాల 8 గేర్లు, సోరాకి 9, టియాగ్రాకి 10. 105 అయితే ఇప్పుడు 12, కొంచెం పాతదానికి 11. ఈమధ్య కింది వరసల స్థానంలో క్యూస్ అనే కొత్తది కూడా వస్తోంది. మెట్టు ఎక్కేకొద్దీ గేరుకీ గేరుకీ మధ్య తేడా తగ్గుతుంది, మారడం మెత్తగా ఉంటుంది, బరువు కాస్త తగ్గుతుంది. అంతేగానీ క్లారిస్ సైకిల్ కొండ ఎక్కదు, 105 ఎక్కుతుంది అని ఏమీ లేదు.

కొండ ఎక్కించేది అన్నిటికంటే తేలిక గేరు. షాపులో సైకిల్ వెనక్కి వెళ్ళి, క్యాసెట్‌లో, అంటే వెనక ఉండే పళ్ళ చక్రాల కట్టలో, అన్నిటికంటే పెద్దదానికి ఎన్ని పళ్ళున్నాయో చూడు. ముందు పెడల్స్ దగ్గరున్న పళ్ళ చక్రాల్లో చిన్నదానికి 34, వెనక పెద్దదానికి 34 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. నీలాంటి, నాలాంటి బరువున్నవాళ్ళకి అది కావాలి. ఇక్కడి కొండల్లో ఓల్డ్ లా హోండా రోడ్డు మూడు మైళ్ళకి పైగా సగటున 7 శాతం వాలుతో పోతుంది, మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి చదును చోటంటూ పెద్దగా లేదు. అక్కడ వెనకాల 28 పళ్ళున్న 105 కంటే 34 పళ్ళున్న క్లారిస్ నయం. మీ ఆఫీసాయన్ని ఓసారి అడుగు, ఆయన సైకిల్‌కి వెనకాల ఎన్ని పళ్ళున్నాయో.

డబ్బు ఇంకాస్త పెంచగలిగితే బ్రేకుల కోసం పెంచు. ఈ ధరలో డిస్క్ బ్రేక్ అని రాసి ఉన్నా చాలావాటికి లోపల ఉండేది తీగే. అవి ఆగుతాయి, కానీ గట్టిగా పిండాలి. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ అయితే రెండు వేళ్ళు చాలు. ఎక్కేటప్పుడు తేడా తెలియదు, దిగేటప్పుడు పదినిమిషాల పాటు బ్రేక్ పట్టుకుంటే వేళ్ళకి తెలుస్తుంది. అవి సాధారణంగా టియాగ్రా దగ్గర్నుంచి మొదలవుతాయి.

టైర్ల వెడల్పు 30, 32 మిల్లీమీటర్లు ఉండాలి. సన్నటి టైరు వేగంగా పోతుందనే నమ్మకం పాతబడిపోయింది. పైన చెప్పిన ఆలేకి 35 దాకా పడతాయి, మడ్‌గార్డులూ వెనక క్యారియరూ బిగించడానికి కన్నాలు కూడా ఉన్నాయి. ఆఫీసుకి వెళ్తానన్నావు కాబట్టి ఇది చూసుకోవాలి. లాప్‌టాప్ వీపు మీద వేసుకుని వెళ్తే చొక్కా తడిసిపోతుంది.

కుపర్టినో నుంచి:

అన్నయ్య చెప్పిన దాంట్లో గేర్ల సంగతి ఒప్పుకుంటాను, కొత్తదే కొనమనడం మాత్రం ఒప్పుకోను. కరోనా టైములో ఈ సిలికాన్ వ్యాలీలో అందరూ సైకిళ్ళు కొన్నారు. తొక్కినవాళ్ళు తక్కువ, గరాజ్‌లో వేలాడదీసినవాళ్ళు ఎక్కువ. 1,100, 1,200కి 105 ఉన్న, హైడ్రాలిక్ బ్రేకులున్న మంచి సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కొన్నిటికి గొలుసు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. ట్యాక్స్ గొడవ కూడా లేదు. కార్బన్ కూడా ఈ ధరలో వస్తుంది.

ఫ్రీమాంట్ నుంచి:

వస్తుంది. కానీ కొత్తగా వచ్చినవాడికి కార్బన్ సెకండ్ హ్యాండ్ నేను చెప్పను. అల్యూమినియం దెబ్బ తింటే చాలావరకు సొట్ట కనబడుతుంది. కార్బన్ లోపల విరిగినా పైన పెయింట్ చక్కగా ఉండొచ్చు. పైగా సెకండ్ హ్యాండ్‌లో సైజు మనకి నప్పదు, ఉన్నదానికే మనం నప్పాలి. తీసుకుంటే అల్యూమినియం తీసుకో, గొలుసు అరుగుదల కొలిచే చిన్న పరికరం ఉన్న స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళు. గొలుసు బాగా అరిగితే క్యాసెట్ కూడా అరిగి ఉంటుంది, రెండూ మార్చాలంటే బేరంలో మిగిలింది అక్కడే పోతుంది.

మిల్పీటస్ నుంచి:

సెకండ్ హ్యాండ్ అంటే ఇంకో టెన్షన్ కూడా ఉంది, దొంగ సరుకు. సైకిల్ తిరగేసి పెడల్స్ ఉన్న గొట్టం అడుగున సీరియల్ నంబర్ చూడండి. బైక్ ఇండెక్స్ అనే సైట్‌లో ఆ నంబర్ వెతికితే పోయినట్టు ఎవరైనా నమోదు చేశారేమో తెలుస్తుంది, ఖర్చేమీ లేదు. నంబర్ గీకేసి ఉంటే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి. మీరు ఏది కొన్నా ఆ రోజే మీ పేరున అందులో నమోదు చేసుకోండి.

తాళం అంటే యూ ఆకారంలో ఉండే గట్టి ఇనుప తాళం. వైరు తాళాన్ని నిమిషంలో కత్తిరిస్తారు. అపార్ట్‌మెంట్ కింద సైకిల్ కేజ్ ఉంది కదా అని అక్కడ వదలొద్దు, మెట్లెక్కించి ఇంట్లో పెట్టుకోండి. లీజు కోసం రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకునే ఉంటారు. చాలా పాలసీల్లో సైకిల్ దొంగతనం కూడా కవర్ అవుతుంది, కానీ డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పోయే భాగం, 1,000 పెట్టుకుంటే 1,200 సైకిల్‌కి చేతికొచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. చూసుకోండి. ఇంకోటి, క్రెడిట్ హిస్టరీ ఇంకా మొదలవ్వని టైములో షాపువాళ్ళు కార్డు ఇస్తాం, డిస్కౌంట్ ఇస్తాం అంటే సైకిల్ కోసం అప్లై చేయకండి.

శాన్ రామోన్ నుంచి:

మగవాళ్ళందరూ గేర్ల గురించే మాట్లాడుతున్నారు, సైజు గురించి ఎవరూ చెప్పట్లేదు. బాబూ, మీ ఎత్తుకి చాలా కంపెనీల్లో 54 అంటారు, కొన్నిటిలో 52 సరిపోతుంది. అంకె చూసి కొనకండి. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకటి కావు.

షాపుకి వెళ్ళి ఎక్కి కూర్చోండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు మామూలుగా తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావాలి. చేతులు బ్రేకుల పైనుండే రబ్బరు మొగ్గల మీద పెట్టండి. మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయినా, అరచేతుల మీదే బరువంతా పడుతున్నా మీకు ఆ సైకిల్ పొడుగు. కొత్తది కొంటుంటే హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్ పొట్టిది వేసివ్వమని అడగండి, చాలా షాపులు అప్పుడు మార్చి ఇస్తాయి. కొని వారం గడిచాక అడిగితే బిల్లు వేస్తారు. షాపు చుట్టూ రెండు రౌండ్లు కాదు, పార్కింగ్ దాటి కనీసం పావుగంట తొక్కి రండి.

సీటు మెత్తగా ఉంటే హాయి అనుకుంటారు, గంట దాటాక ఆ మెత్తనే మంట పెడుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ ఒక జత కొనండి. లోపల ఇంకేమీ వేసుకోకూడదు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నాను.

సన్నీవేల్ నుంచి:

అందరికీ థాంక్స్. అక్కా, ప్రత్యేకంగా మీకు. ఇంకో రెండు ప్రశ్నలు. పంక్చర్లు ఎక్కువా ఇక్కడ? ఆఫీసుకి స్టీవెన్స్ క్రీక్ ట్రైల్ మీద వెళ్ళొచ్చా, లేక రోడ్డే మేలా?

ఫ్రీమాంట్ నుంచి:

మన ఊళ్ళో పొలం గట్ల మీద కాళ్ళకి గుచ్చుకునే పల్లేరు కాయలు గుర్తున్నాయా? అవే ఇక్కడా ఉన్నాయి, గోట్‌హెడ్ అంటారు. ఎండాకాలం చివర్లో ట్రైల్ అంచుల్లో, పార్కింగ్ లాట్ల పక్కన పాకి ఉంటాయి. సైకిల్‌ని గడ్డిలోకి, మట్టిలోకి దింపకు. ముల్లు గుచ్చుకుంటే వెంటనే పీకకు, ట్యూబ్ మార్చే చోటికి చేరేదాకా దానంతట అదే మూతలా ఉంటుంది. ట్యూబ్ మార్చుకునేటప్పుడు మాత్రం టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడిమి చూడు. విరిగిన ముల్లు కొస టైరులో ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా అరమైలు పోకుండానే పోతుంది. బాధ ఎక్కువైతే ట్యూబ్‌లెస్ చేయించు. చక్రాలు దానికి పనికొస్తాయా లేదా కొనేటప్పుడే అడుగు.

గాలి కొట్టే మూతి కూడా వేరుగా ఉంటుంది. సన్నటి ప్రెస్టా వాల్వ్, కొసన చిన్న మర విప్పితేనే గాలి ఎక్కుతుంది. పంపు కొనేటప్పుడు దానికి సరిపోయేది కొనుక్కో. పెట్రోల్ బంకులో గాలి పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, డాలరో రెండో.

మిల్పీటస్ నుంచి:

దారి గురించి నేను చెప్తాను. స్టీవెన్స్ క్రీక్ ట్రైల్ మౌంటెన్ వ్యూ మీదుగా షోర్‌లైన్ దాకా సిగ్నల్ లేకుండా పోతుంది, ఆఫీసుకి అదే మేలు. నడిచేవాళ్ళు, స్ట్రోలర్లు, కుక్కలు ఉంటారు, అక్కడ వేగం చూపించకండి. వారాంతంలో వేగంగా తొక్కాలంటే ఫుట్‌హిల్ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. వుడ్‌సైడ్ దగ్గర కాన్యాడా రోడ్డులో కొంత భాగాన్ని చాలా ఆదివారాలు కార్లకి మూసేస్తారు, కొత్తవాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదు. క్యాల్‌ట్రెయిన్‌లో సైకిళ్ళకి వేరే బోగీలున్నాయి, సైకిల్‌కి టికెట్ అక్కర్లేదు. ఓల్డ్ లా హోండా జోలికి ఇప్పుడే పోకండి, అన్నయ్య మాటలు విని.

ఒక ముఖ్యమైన విషయం. మన దగ్గర స్కూటర్ మీద ముందు బ్రేక్ కుడి చేతికి, వెనక బ్రేక్ ఎడమ చేతికి ఉంటుంది. ఇక్కడి సైకిళ్ళకి ముందు బ్రేక్ ఎడమ చేతికి. కంగారులో అలవాటుకొద్దీ ఎడమది గట్టిగా నొక్కితే తల్లకిందులవుతారు. కొన్న రోజు ఖాళీ పార్కింగ్ లాట్‌లో నెమ్మదిగా వెళ్తూ రెండిటినీ విడివిడిగా నొక్కి చూసుకోండి. కుడివైపు ట్రాఫిక్ ఇంకా అలవాటు కాలేదు కాబట్టి ఎడమకి తిరిగే చోట కూడా జాగ్రత్త. స్టాప్ సైన్ దగ్గర సైకిల్ అయినా ఆగాలి, ఈ రాష్ట్రంలో ఆగకపోతే జరిమానా టికెట్ రాస్తారు. రాత్రి తొక్కితే ముందు తెల్ల లైటు చట్టప్రకారం ఉండాలి. పెద్దవాళ్ళకి హెల్మెట్ చట్టంలో లేదు, 18 లోపు వాళ్ళకే. అయినా పెట్టుకోండి.

సన్నీవేల్ నుంచి:

శనివారం రెండు షాపులు తిరుగుతాను. ఆలే ఒకటి, డొమానే ఒకటి తొక్కి చూసి, వెనకాల పళ్ళు లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. కుపర్టినో అన్నా, మీకు తెలిసిన గరాజ్‌లో 54 సైజు అల్యూమినియం ఏదైనా వేలాడుతుంటే ఆలోపు చెప్పండి.

కుపర్టినో నుంచి:

మా మేనేజర్ దగ్గర ఒకటుంది. 56. నీకు పెద్దదవుతుంది, వదిలెయ్. ఇంకోటి కనుక్కుంటాను.