అప్‌డేట్: చర్మం కింద తాడులా తగిలింది గ్రాఫ్టే

ఒక పేషెంట్‌కి కుడి కాలర్ ఎముక కింద నుంచి పక్కటెముకల మీదుగా గజ్జ దాకా చర్మం కింద తాడులాంటిది తగులుతోందని, ఎడమ పాదంలో నాడి దొరకట్లేదని కిందటి వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు మచ్చలు వెతుకు" అన్న సలహాతోనే ముడి వీడింది. కాలర్ ఎముక కింద ఒకటి, రెండు గజ్జల్లో చెరొకటి పాత కోత మచ్చలున్నాయి. సర్జన్ సార్ చూసి ఆక్సిల్లో-బైఫెమోరల్ గ్రాఫ్ట్ అన్నారు. చంక ధమని నుంచి రెండు తొడ ధమనులకూ రక్తం తీసుకెళ్లే కృత్రిమ గొట్టం అది. సార్ నా వేలు పట్టుకుని దాని మీద మెల్లగా జరిపించారు. వరసగా చిన్న చిన్న గట్లు తగిలాయి. గొట్టం నొక్కుకుపోకుండా చుట్టూ వేసిన రింగులట. లోపల నాడి చక్కగా కొట్టుకుంటోంది, అంటే గ్రాఫ్ట్ మూసుకుపోలేదు.

పాదం సంగతికొస్తే, నేను వెతికింది పాదం పైనే. అక్కడి నాడి కొందరికి పుట్టుకతోనే అందదు కాబట్టి అదొక్కటే చూసి జబ్బు అనకూడదు. లోపలి చీలమండ వెనక కూడా బలహీనంగానే ఉంది. డాప్లర్‌తో (రక్తం పారే శబ్దం వినిపించే పరికరం) చూస్తే ఎడమ ఏబీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె) 0.62 వచ్చింది, 0.9 కంటే తక్కువైతే కాలి ధమనుల జబ్బే. గ్రాఫ్ట్ రక్తం తీసుకునేది కుడి చేతి వైపు నుంచి కాబట్టి సార్ ఎడమ చేతి బీపీతోనే లెక్కగట్టారు.

వేరికోస్ వెయిన్ (ఉబ్బిన సిర), కొవ్వు గడ్డ అనుమానాలు రెండూ కావు. ఇంకోటి, మొదటిరోజు ఆ పాదంలో నాకు "దొరికిన" నాడి నా వేలిదే. గట్టిగా నొక్కాను.